అడుగున్నర తేడా చెప్పిన మనిషి

పోయిన నెల ఒక ఫైలు కోసం మా కాలనీ ఆఫీసుకు వెళ్లాను. వరండాలో అందరూ నిలబడి ఉన్నారు. నేనూ నిలబడ్డాను. ఆ ఆఫీసులో అందరూ కుర్చీలు వదిలి నిలబడితే కారణం అడగకుండా పక్కన నిలబడటం నాకు పన్నెండేళ్లుగా అలవాటు. పెద్ద ఆఫీసరు గొంతు సవరించుకుని, పోయినవారి ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని హిందీలో అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. ముప్పై ఎనిమిదో సెకనుకు ఎవరో దగ్గారు. యాభైకి కుర్చీలు జరిగాయి. నిమిషం తిరక్కుండానే రెండు నిమిషాలూ పూర్తయ్యాయి. ఆ ఆఫీసులో గడువు కన్నా ముందే పూర్తయిన పనిని చూడటం నాకదే మొదలు.

"ఎవరు పోయారు భయ్యా?" అని పక్కనున్న గుమస్తాను అడిగాను.

"మీ మద్రాసీయే. పైప్‌వాలా సాబ్," అన్నాడు.

ఆయనది కోనసీమ. నాది అనంతపురం జిల్లా. మా ఇద్దరిలో మద్రాసు చూసినవాళ్లు లేరు. అయినా ఢిల్లీ చుట్టుపక్కల పాతికేళ్లు బతికాక మనిషి ఇలాంటివి సరిదిద్దడం మానేస్తాడు.

పోయేనాటికి ఆయన జనన మరణాల రిజిస్టరు దగ్గర కూర్చునేవాడు. అంతకు ముందు ఇళ్ల స్థలాల ఎత్తుపల్లాలు, మురుగు కాలువల వాలు తనిఖీ చేసేవాడు. నీళ్ల దారి తెలిసిన మనిషిని అక్కడ ఎందుకు కూర్చోబెట్టారంటే, ఆఫీసు దృష్టిలో రెండు పనులూ ఒకటే. వచ్చేవి వస్తుంటాయి, పోయేవి పోతుంటాయి, మనం రాసుకుంటే చాలు. గుమస్తా రిజిస్టరు తెరిచి ఆయన పేరున్న పేజీ చూపించబోయాడు. వద్దన్నాను. ఆ పేరు ఇక్కడా రాయను. కాగితం మీద పేరు పడటం వల్ల ఆయనకు ఎన్నడూ మేలు జరగలేదు.

మా కాలనీ ఫరీదాబాదు వెళ్లే దారిలో ఉంది. అంతకన్నా వివరంగా చెప్పను. ఏషియాడ్ ఆటల కోసం ఢిల్లీ అంతా తవ్వి పోస్తున్న రోజుల్లో మా వైపు కూడా కొంత మట్టి, కొంత ఆశ వచ్చి పడ్డాయి. పొలాలను ముక్కలు చేసి, ముగ్గుతో గీతలు గీసి అమ్మారు. కొన్నవాళ్లు కట్టడం మొదలుపెట్టారు. కట్టేవాళ్లు పాటించాల్సిన రూళ్లు చాలా ఉండేవి కాని నీళ్లకు సంబంధించి ముఖ్యమైనవి మూడే. గది నేల, ముందున్న రోడ్డు నడిమి ఎత్తు కన్నా అడుగున్నర పైన ఉండాలి. ముంగిలి ఇంటి గోడ నుంచి బయటికి వాలి ఉండాలి. నీ వాననీళ్లు నీ ముందున్న కాలువలోకే పోవాలి, పక్కవాడి స్థలంలోకి కాదు. మూడూ చిన్నపిల్లలు కూడా ఒప్పుకునేంత న్యాయమైనవి. బహుశా అందుకే పెద్దవాళ్లెవరూ పాటించేవాళ్లు కారు. ఒకడు నాలుగు ట్రాక్టర్ల మలబా, అంటే కూలగొట్టిన ఇళ్ల చెత్త, తెచ్చి తన స్థలం ఎత్తు పెంచుకుంటే, పక్కవాడు ఆరు ట్రాక్టర్లు తెప్పించేవాడు. ఇరుగుపొరుగుల మధ్య అభిమానం ఎంతుందో మా దగ్గర టేపు పెట్టి అంగుళాల్లో చెప్పవచ్చు.

ఇందులో ఇంకో చిన్న ఇబ్బంది ఉండేది. రోడ్డు లేదు. రోడ్డు కన్నా అడుగున్నర ఎత్తు ఉండాలని రూలు మాత్రం ఉంది. రోడ్డు నక్షాలో, అంటే ప్లాను కాగితం మీద ఉండేది, చక్కగా, రెండు గీతల మధ్య. రాబోయే రోడ్డు ఎత్తు ఎంతో నేల మీద తెలియడానికి ఆఫీసువాళ్లు కాలనీ మొదట్లో ఉన్న నాలా కల్వర్టు పిట్టగోడ మీద ఎర్రటి గుండ్రటి గుర్తు పెట్టి, పక్కన 100 అని రాశారు. ఆ గుర్తు ఎత్తు నూరడుగులు అనుకోవాలి. రోడ్డు కూడా అదే ఎత్తుకు వస్తుంది. కాబట్టి గది నేల నూటొకటిన్నర దగ్గర ఉంటే ఇల్లు పాస్. ఎవరు కట్టినా అక్కణ్ణుంచే కొలవాలి.

ఆ కొలిచేవాణ్ణి నేను. ఇంజనీరును కాను. పదో తరగతి తరవాత లెక్కలు నాకు నేనే చెప్పుకున్నాను. దరియాగంజ్‌లో ఆదివారం పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్ మీద కొన్న సర్వే పుస్తకంలోంచి ఎత్తులు తీయడం నేర్చుకున్నాను. దాంట్లో మధ్య పదహారు పేజీలు లేవు. లెవెల్ యంత్రం రోజు అద్దెకు తెచ్చేవాణ్ణి. యంత్రంలోంచి చూసి, పుస్తకంలో రాసుకుని, గదికొచ్చి కూడికలు తీసివేతలు చేసి, చివర సరిచూస్తే తేడా సున్నా రావాలి. నాకు ఎప్పుడూ సున్నాయే వచ్చేది. ఇంటి నక్షా మీద వాన నీళ్లు ఎటు పోతాయో చూపించే బాణాలు కూడా నేనే గీసేవాణ్ణి. అనంతపురంలో పుట్టినవాడు నీళ్లు ఎటు పోతాయో చెప్పడం విచిత్రమే. మా వైపు నీళ్లు ఎప్పుడొస్తాయన్నదే ప్రశ్న గాని, ఎటు పోతాయన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

పైప్‌వాలా సాబ్ తనిఖీకి సైకిలు మీద వచ్చేవాడు. ఒక భుజం నుంచి రెండో పక్క నడుం దాకా, నలభై అడుగుల ప్లాస్టిక్ గొట్టం చుట్టలు చుట్టి ఉండేది. లోపల నీళ్లు కనబడే గొట్టం. దూరం నుంచి చూస్తే ఎవరో ఆయనకు పూలదండ వేసి, వాడిపోయాక తీయడం మరిచిపోయినట్టు ఉండేది. దాన్ని ఒకరు ఒక కొస, ఇంకొకరు రెండో కొస పట్టుకుంటే రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం తేలిపోతుంది. మేస్త్రీలందరి దగ్గరా ఉండేదే. తనిఖీ అధికారి దగ్గర ఉండటమే వింత. ఆఫీసులో మంచి లెవెల్ యంత్రం ఒకటి ఉండేది. దాన్ని ఇనుప అల్మారాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఉన్న అధికారికి బదిలీ అయ్యింది. తాళంచెవి గురించి ఉత్తరాలు నడుస్తున్నాయని ఆయన మూడేళ్లపాటు నాతో చెప్పాడు. యంత్రం మాత్రం చాలా భద్రంగా ఉంది. ఈనాటికీ కొత్తదే.

నోట్లో తడిపి రాసే ఊదారంగు పెన్సిలు వాడేవాడు. ప్రతి మాటకూ ముందు దాని మొన నాలుకకు తగిలించుకునేవాడు, అందుచేత ఏడాది పొడుగునా ఆయన నాలుక నేరేడుపండు తిన్నట్టే ఉండేది. హిందీ బాగానే వచ్చు కాని చివర 'అండీ' చేర్చకుండా ఏ వాక్యమూ ముగించలేడు. "పానీ కిధర్ జాతా హై అండీ?" అని నీళ్ల దారి అడిగితే మా జాట్ మేస్త్రీలు కూడా కొంతకాలానికి అది హిందీయే అనుకున్నారు. ఒకసారి ఒక మేస్త్రీ నాతో, "ఠీక్ హై అండీ" అన్నాడు.

ఎవరింటికి తనిఖీకి వెళ్లినా ఇంటివాళ్లు ముందు కుర్చీ వేసి చాయ్ తెచ్చేవాళ్లు. అది ఆచారం. ఆయన కప్పును చూసి, "ముందు మీ మురుగు మోరీ చూస్తానండీ. తాగాలో వద్దో అప్పుడు తేలుద్ది," అనేవాడు. ఎక్కువసార్లు తేలేది కాదు. వాటిలో చాలా చాయ్‌లు నేను తాగాను.

ఒక పంజాబీ పెద్దమనిషి ఇంటి దగ్గర ఆయన చెంబుతో నీళ్లడిగి ముంగిట్లో పోశాడు. పోసి, గొంతుక్కూర్చుని, ఆ నీళ్లు పోయే వైపే చూస్తూ ఉండిపోయాడు. అవి మెల్లగా వెళ్లి పక్కింటి గోడ మొదట్లో చేరాయి.

"నక్షా మే దేఖియే, సాబ్! బాణం రోడ్డు వైపే ఉంది," అన్నాడు ఇంటాయన, కాగితం విప్పి. ఆ బాణం నాది.

"ఆయ్, బాణం ఉందండీ. కాని నీళ్లకి నక్షా చదవడం రాదు కదండీ."

ఇంటాయన నావైపు చూశాడు. నేను కప్పులోకి చూశాను. ముంగిలంతా పెకలించి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఇలాంటి వాటివల్ల కాలనీలో ఆయనకు పేరొచ్చింది. మంచి పేరని చెప్పలేను. చిన్న విషయాన్ని పెద్దది చేస్తాడని, పట్టింపు ఎక్కువని, వాన ఏడాదికి రెండు నెలలే కదా అని అనేవాళ్లు. నేను కూడా అనేవాణ్ణి, ఆయన లేనప్పుడు.

ఒక మే నెలలో నా దగ్గరికి సుబేదారు ఒకాయన వచ్చాడు. ఒంగోలు వైపు మనిషి. ఢిల్లీ కంటోన్మెంటులో క్వార్టర్సు. ఆయన, భార్య, మంచం దిగలేని తల్లి. ఉద్యోగ విరమణ అయిపోయింది. జూన్ ముప్పైకల్లా క్వార్టర్సు ఖాళీ చేయాలి. మా కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. గోడలు, కప్పు, తలుపులు అన్నీ అయిపోయాయి. ఆఫీసు నుంచి పూర్తయినట్టు సర్టిఫికెట్ వస్తేగాని నీళ్లూ కరెంటూ ఇవ్వరు.

"తేదీ దాటితే సామాను బయట పెడతారు తమ్ముడూ," అన్నాడు. "రూలంటే రూలే. నేనే ఎంతమందివి పెట్టించానో."

ఆ ఇంటి ఎత్తులు ముందే నేను కొలిచి ఉన్నాను. నేల నూటొకటిన్నర. తేడా సున్నా. దిగులుపడొద్దని, రెండు రోజుల్లో పాస్ అవుతుందని చెప్పాను. అంకెలు సరిగా ఉన్నప్పుడు నాకు ధైర్యం బాగా ఉంటుంది.

జూన్ పదమూడున ఆయన గొట్టంతో వచ్చాడు. ముంగిలి వాలు చూశాడు. బాగుందన్నాడు. సుబేదారు ముఖం విచ్చుకుంది. అంతటితో వెళ్లిపోయి ఉంటే అందరికీ సుఖంగా ఉండేది. కాని ఆ పక్కనే రెండేళ్ల కిందట కట్టిన ఇల్లుంది. ఆయన రెండు గుమ్మాలనూ మార్చి మార్చి చూసి, గొట్టం ఒక కొస సుబేదారుకిచ్చాడు.

"సుబేదార్ గారూ, ఇది గోడకి ఆనించి పట్టుకోండి. కదలకండేం."

కదలకుండా నిలబడటం సుబేదారుకు ఒకరు చెప్పక్కర్లేదు. రెండో కొస పట్టుకుని ఆయన గోడ పక్కనుంచి పాత ఇంట్లోకి వెళ్లాడు. గొట్టాన్ని వేలితో కొట్టి బుడగలు పోగొట్టాడు. చూశాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ చూశాడు. మూడోసారి చూశాక నన్ను పిలిచాడు.

"లెక్కలుగారూ, కాగితం మీద ఈ పాతింటి నేల ఎంతండీ?"

"నూటొకటిన్నర సార్."

"సుబేదార్ గారిది?"

"అదీ నూటొకటిన్నరే."

"గొట్టంలో అడుగున్నర తేడా వస్తందండీ. సుబేదార్ గారిదే పల్లం."

"గొట్టంలో గాలి ఉందేమో సార్."

"గాలి ఉంటే అంగుళం అబద్ధం చెబుద్దండీ. అడుగున్నర అబద్ధం చెప్పాలంటే మనిషి కావాలి."

నాకు కోపం వచ్చింది. అక్కడే నా పుస్తకం విప్పి, మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా ఆయన ఎదుటే వేసి చూపించాను. సున్నా వచ్చింది. ఆయన ఓపికగా చూసి, "లెక్క తప్పలేదండీ. మొదలెట్టిన చోటు చూద్దాం రండి," అని సైకిలెక్కాడు.

కల్వర్టు మీద ఎర్ర గుర్తు దివ్యంగా వెలుగుతోంది. నేను దాన్ని వేలితో చూపించాను. ఆయన దానివైపు చూడకుండా నాలా గట్టు దిగి, కాళ్లతో గడ్డి తొక్కుతూ వెతికాడు. కాసేపటికి పిట్టగోడ పెచ్చు ఒకటి, పెద్దదే, తలకిందులుగా పడి ఉన్నది దొరికింది. తిప్పితే దాని మీద పాత రంగులో సగం ఎర్ర గుర్తు ఉంది.

జరిగింది తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కల్వర్టు పక్కన టీకొట్టువాడే చెప్పాడు. చలికాలంలో ఇటుకల లారీ వెనక్కి వస్తూ పిట్టగోడ పైభాగం పడగొట్టింది. అదే నెలలో ఎవరో పెద్దవాళ్లు శంకుస్థాపనకు వస్తున్నారని కాలనీ అంతా సున్నాలు వేయించారు. సున్నాలవాళ్లకు ఇచ్చిన పనుల జాబితాలో 'ఎర్ర గుర్తు కొత్తగా కనబడాలి' అని ఒకటుంది. వాళ్లు బాధ్యత గల మనుషులు. గోడ ఎంతవరకు మిగిలి ఉందో అంతవరకు చూసి, మిగిలిన ఇటుకల మీద చక్కగా గుండ్రంగా వేసి, పక్కన 100 అని కూడా రాశారు. పాత చోటికి అడుగున్నర కింద. తరవాత ఒక అధికారి వచ్చి, గుర్తు ఉందా అని చూశాడు. ఉంది. టిక్కు పెట్టుకున్నాడు. ఆ తరవాత నేను వచ్చి అంకె చూశాను. అంకె ఎక్కడుందో చూడలేదు.

ఆయన గట్టు మీద కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"ఏడండీ," అన్నాడు.

"ఏమిటి సార్?"

"కొత్త గుర్తు పెట్టాక నేను పాస్ చేసిన ఇళ్లు. వాలు చూశానండీ, ఎత్తు చూడలేదు. ఎత్తు మీ కాగితంలోంచి ఎత్తి రాసేసుకున్నాను."

నేను కొలిచినవి పదకొండు. ఆ సంఖ్య పైకి చెప్పలేదు. రూలు అడుగున్నర ఎత్తు ఉండాలంటుంది. గుర్తు అడుగున్నర దిగింది. అంటే రోడ్డు వచ్చిన రోజున గది నేల, రోడ్డు సమానం. ముంగిలి రోడ్డుకు అడుగు పల్లం. ఇంత తేలిక లెక్క నేను జీవితంలో చేయలేదు, ఇంత బరువైందీ చేయలేదు.

తిరిగొచ్చి సుబేదారుకు చెప్పాం. అంటే ఆయన చెప్పాడు, నేను పక్కన ఉన్నాను.

"ఏందయ్యా ఇది! రోడ్డే లేదు గదా. లేని రోడ్డు కంటే నా ఇల్లు పల్లమా?"

"ఇయ్యాల లేదండీ. వచ్చినరోజు మీ ఇల్లు గిన్నె అవుద్ది. రోడ్డే గట్టు. వానొస్తే నీళ్లు ఎటూ పోవండీ."

"ఏం చెయ్యమంటావు?"

"గదుల నేల అడుగున్నర లేపండి. తలుపులు కింద కొయ్యాలి. నెలన్నర పని."

"నాకున్నయ్యి పదిహేడు రోజులు! మా అమ్మను మంచంతో సహా యాడ దించను? తెలుగువాడు వస్తున్నాడంటే సంతోషపడ్డా చూడు, నన్నూ..."

"తెలుగువాణ్ణే కాబట్టి కూర్చుని చెబుతున్నానండీ. లేపోతే గోడకి నోటీసు అంటించి పోయేవాణ్ణి."

సుబేదారు ఆరడుగుల మనిషి. తలుపు అడుగున్నర కోస్తే సొంత ఇంట్లో జీవితాంతం తల వంచుకుని నడవాలి. ఆ మాట ఎవరూ అనలేదు గాని, ముగ్గురం ఒకేసారి తలుపువైపు చూశాం.

పైప్‌వాలా సాబ్ ఆఫీసుకు వెళ్లి రిపోర్టు రాశాడు. ఆ రిపోర్టులో మొదటి వరుసలోనే, తాను తప్పు గుర్తు మీద పాస్ చేసిన ఏడు ఇళ్ల నంబర్లు రాశాడు. ఆ ఆఫీసు చరిత్రలో ఒక ఉద్యోగి తన తప్పును తానే, ఎవరూ అడక్కుండా, నకళ్లతో సహా రాసివ్వడం అదే ప్రథమం. దాన్ని ఏ ఫైలులో పెట్టాలో కూడా వాళ్లకు తెలియలేదు. కల్వర్టు దగ్గరికి మనుషులను పంపారు. ఈలోగా ఆ పెచ్చు మాయమైంది. బట్టలు ఉతుక్కోవడానికి మంచి రాయని ఎవరో పట్టుకుపోయారు. టీకొట్టువాడికి కూడా హఠాత్తుగా ఏమీ గుర్తులేకుండా పోయింది. ఇక దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇద్దరే, ఆయన, నేను. గుర్తు స్థానం మారినట్టు మీకు తెలుసునా అని ఆఫీసు నాకు ఉత్తరం రాసింది.

ఆయన నా గదికి వచ్చాడు. కూర్చోలేదు. "మీరు చూశారు కదండీ. చూసింది రాయండి, చాలు," అన్నాడు.

"అట్లే సార్," అన్నాను.

గంట తరవాత సుబేదారు వచ్చాడు. ఆయన కూర్చున్నాడు. "నువ్వు అవునని రాస్తే విచారణంటారు తమ్ముడూ, అది దీపావళిదాకా సాగుద్ది. కాదని రాస్తే వారంలో నాకు సర్టిఫికెట్ వస్తది. వానకి తరవాత చూసుకుంటా. ముందు మా అమ్మకి కప్పు కావాల."

తరవాతి రోజుల్లో ఈ సంభాషణను నేను చాలామందికి చెప్పాను, సుబేదారు తల్లి కోసమే అలా రాశానని. అది సగం నిజం. మిగతా పది ఇళ్లవాళ్లు నా గది ముందు వరసలో నిలబడే దృశ్యం రెండో సగం. ఒకే వాక్యం రాశాను. గుర్తు చోటు మారినట్టు నాకు తెలియదు. కింద సంతకం.

విచారణ ముగిసింది. గుర్తు ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని, ఎందుకంటే గుర్తు అక్కడే ఉందని తేల్చారు. అకారణంగా ప్రజలను కలవరపెట్టినందుకు ఆయనను జనన మరణాల రిజిస్టరుకు మార్చారు. కొత్తగా వచ్చిన కుర్ర అధికారి సుబేదారు ఇంటిని జీపులోంచే చూసి పాస్ చేశాడు. ఇంజను కూడా ఆపలేదు. జూన్ ఇరవై తొమ్మిదిన ముసలమ్మను మంచంతో సహా తెచ్చి ముందుగదిలో దించారు. పాలు పొంగించారు. నేను పాయసం రెండుసార్లు వేయించుకున్నాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఏమీ కాలేదు. రోడ్డు లేదు కదా, నీళ్లు ఖాళీ నేల మీదుగా హాయిగా నాలాలోకి పోయాయి. కాలనీ అంతా నవ్వుకుంది. సైకిలు మీద ఆయన కనబడితే, "సాబ్, మునిగిపోయాం, కాపాడండి!" అని గుమ్మాల్లోంచి కేకలేసేవాళ్లు. ఆయన చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. నేనూ నవ్వాను. మిగతావాళ్ల కన్నా కొంచెం గట్టిగానే నవ్వాను.

చలికాలంలో రోడ్డు వచ్చింది. ఆ కాంట్రాక్టరు బయటివాడు. మా ఎర్ర గుర్తు సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల, హైవే మీదున్న గుర్తు నుంచి కొలుచుకుని, నక్షాలో ఉన్న ఎత్తుకే సరిగ్గా వేశాడు. తారు పోసినరోజు సాయంత్రం సుబేదారు ఇంటి ముందు నిలబడి చూశాను. గుమ్మం, రోడ్డు ఒకే గీత మీద ఉన్నాయి. కొలవాల్సిన అవసరం లేదు. అయినా కొలిచాను. పావంగుళం తేడా ఉంది. అది కూడా రోడ్డే ఎత్తు.

తరవాతి జూలైలో రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు ఉదయం పదకొండింటికి వెళ్లాను. అంతకుముందే వెళ్లవచ్చు. వెళ్లలేదు. ముంగిలి చెరువులా ఉంది. గదుల్లో కూడా అరికాలు తడిసేంత నీళ్లు. మురుగు కూడా కలిసింది. ముసలమ్మ మంచం నాలుగు కోళ్ల కిందా ఇటుకలు పెట్టి లేపారు, కోడుకు నాలుగు చొప్పున. ఆవిడ పైనుంచి నీళ్లనే చూస్తోంది. సుబేదారు బకెట్టుతో నీళ్లు ఎత్తి రోడ్డు మీద పోస్తున్నాడు, అవి మళ్లీ లోపలికే వస్తున్నాయి. నన్ను చూసి కూడా ఆపలేదు.

"రాత్రినుంచి పోస్తానే ఉండాడన్నా," అంది ఆయన భార్య. "ఆగమంటే ఆగడు. మీరన్నా చెప్పండి, ఇయ్యి ఎప్పుడు తగ్గుతయ్యి?"

జవాబు నా దగ్గర ఉంది. నాలా రోడ్డుకు అవతల ఉంది. మధ్యలో రోడ్డు గట్టులా అడ్డం ఉంది. తగ్గవు. నేను చెప్పలేదు.

అప్పుడు ఆయన వచ్చాడు. గొట్టం లేదు. సైకిలు మీద గునపం ఒకటి కట్టి ఉంది. ఆఫీసులో అరపూట సెలవు పెట్టి వచ్చానన్నాడు. లోపలికి రాలేదు. ముసలమ్మ మంచాన్ని గుమ్మంలోంచే చూసి, పాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, రోడ్డు అవతలి అంచున నిలబడి గునపం ఎత్తాడు. నిన్నగాక మొన్న వేసిన తారు. నాలుగు దెబ్బలకు ఒక పెళ్ల లేచింది.

ఇన్నేళ్లలో అనుమతి లేకుండా రోడ్డు తవ్వినవాళ్లకు ఆయన ఎన్ని నోటీసులిచ్చాడో నాకు తెలుసు. గొడుగు వేసుకుని పక్కకు వెళ్లి, "సార్, రోడ్డు కొయ్యాలంటే పర్మిషన్..." అన్నాను.

"పొద్దున్నే అడిగొచ్చానండీ. పదిహేను రోజుల్లో చెబుతామన్నారు," అన్నాడు తవ్వుతూనే. "ఆవిడ అన్నాళ్లు ఇటికెల మీద ఉండలేదు కదండీ."

అరగంటలో సగం దూరం వచ్చాడు. యాభై దాటిన మనిషి. ప్రతి దెబ్బకూ ఊపిరి పైకి వినబడుతోంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నేను ఆయన పక్కనే నడుస్తూ గొడుగు ఆయన తలమీద పట్టాను. అప్పటికి నాకు తోచిన సాయం అదే. ఏడాదిగా అడగాలనుకున్న మాట ఆ వానలో అడిగాను.

"సార్, అప్పుడు విచారణలో నేనిచ్చిన కాగితం... అది మీరు చూశారా?"

ఆయన గునపం ఆపాడు. దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"చూశానండీ. నాకూ ఒక నకలు ఇచ్చారు," అన్నాడు. "దస్తూరీ చాలా బాగుందండీ."

ఆయన మిగిలిన రోడ్డును ఒకసారి చూశాడు, లోపల బకెట్టు చప్పుడు విన్నాడు. గునపం నా చేతికిచ్చాడు.

"ఇక్కణ్ణుంచి మీరు తవ్వండి."

నేను వంగి తవ్వడం మొదలుపెట్టాను. ఆయన నా దగ్గర్నుంచి తీసుకున్న గొడుగును నా తల మీద పట్టి, పక్కన నడిచాడు.